మూల మడిచిన పేజీ

హలో… ఆ, నేనే. చెప్పవే.

…స్టాఫ్ రూములోనే ఉన్నాను. తింటున్నాను. పర్లేదు, బెల్లయ్యేదాకా ఖాళీయే.

…ఆ, చూశాను. మన పుస్తకాల గ్రూపులో నువ్వు పెట్టిన పుస్తకం ఫొటో అందరూ చూశారు.

…ఎవరూ ఏమీ అనలేదా? నీతో అనలేదు, అంతే. గ్రూపు నడిపేది నేను కాబట్టి నాకు ఫోన్లు చేశారు. పది మంది పెద్దవాళ్ళు కూర్చుని మాట్లాడుకోవడానికి, ఇల్లు వెతుక్కునే గాడిద కథ పెడతానంటే ఏమంటారు మరి? లెక్కల మాస్టారైతే, ‘చర్చ గాడిద మీదా? అయితే అధ్యక్షుడు నేనే కదండీ’ అన్నాడు.

…నవ్వాను. నవ్వక ఏం చెయ్యను?

…ఈ నెల వంతు నీదే. కాదన్నానా? పుస్తకం ఎంచుకోమన్నాం. బొమ్మల పుస్తకం తెమ్మనలేదు.

…తెలుసే. అది మన పిచ్చుకదని నాకు నువ్వు చెప్పాలా? నీ కూతురికి అది కొనిచ్చింది నేను. మొదటి పేజీలో ‘పెద్దమ్మ’ అని రాసింది నేను.

…ఊఁ.

…మూల మడిచి ఉందా. మడవొద్దని ఎన్నిసార్లు చెప్పానో. వింటేగా.

…సరే. పిచ్చుక పోయాక ఇన్నాళ్ళకి పుస్తకం తీశావు. మడిచిన పేజీ దాకా చదివావు. ఆ పేజీ తిప్పడానికి చెయ్యి రావడం లేదు. అందుకని మేమందరం గుండ్రంగా కూర్చుని, తలో పేజీ చదివి, నీ బదులు తిప్పాలి. అంతేగా?

— ఏడుపు ఆపి మాట్లాడు. ఒక్క ముక్క అర్థం కావడం లేదు.

…నీళ్ళు తాగి రా. ఉంటాను.

…ఆ. ఇప్పుడు విను. పోయిన నెల నవల చదివాం కదా, బిడ్డ పోయిన తల్లిది. నువ్వు రాకముందు డాక్టరమ్మ, ‘ఆ తల్లి రోజూ ఏడుస్తుంటే విసుగొచ్చిందండీ’ అంది. నువ్వు గుమ్మంలోకి రాగానే నోరు మూసుకుంది. ఆ తర్వాత గంటసేపు అట్ట బాగుందనీ, అచ్చుతప్పులు లేవనీ చెప్పుకున్నాం. నువ్వుంటే పుస్తకం గురించి ఎవరూ నిజం మాట్లాడరు.

…ఉన్నమాటే చెప్పాను.

…అక్కనే. అక్కని కాబట్టే చెబుతున్నాను. మిగతావాళ్ళు ‘మంచి ఎంపికండీ’ అంటారు. ఇంటికెళ్ళి దాన్ని ముట్టుకోరు.

…దాని కోసమా?

…దాని కోసం అంటున్నావు కాబట్టి అడుగుతున్నాను. ఆ పుస్తకం పట్టుకుని ఎన్ని రోజులు నీ కుట్టు మిషన్ పక్కన నిలబడింది? ‘అమ్మా, ఒక్క పేజీ’ అని. నువ్వు తలెత్తేదానివా? ‘రేపు’ అనేదానివి. అక్కడే కుర్చీలో కూర్చుని విన్నాను నేను.

…అవును, యూనిఫారాల ఆర్డరు. మా స్కూలు పిల్లలందరికీ నువ్వే కుట్టావు. రోజూ చూస్తున్నాను. కుట్టు బాగుంది.

…అనకూడదా? సరే, అనను.

…ఏంటి?

…నేనెందుకు చదివి వినిపించలేదనా. అడగాల్సిందే అడిగావు.

చదువుతానన్నాను. వద్దంది. ఆసుపత్రిలో, నువ్వు ఆర్డరు అప్పజెప్పడానికి వెళ్ళిన మధ్యాహ్నం. నేను పుస్తకం తెరిస్తే, సెలైన్ సూది ఉన్న చేత్తోనే మూసేసింది. ‘ఇది అమ్మ చదవాలి’ అంది.

— ఉన్నావా?

…కాసేపాగి తనే పిలిచింది. ‘గాడిద ఇంటికి చేరుతుందా పెద్దమ్మా? చెవిలో చెప్పు’ అంది. చెప్పాను.

…చెప్పాను. అడిగింది కదా. రేపు చెబుతాననమంటావా?

…నవ్వింది. ‘నాకు తెలిసిపోయిందని అమ్మతో అనకు. అమ్మ చదివేటప్పుడు తెలియనట్టే వింటాను’ అంది.

…

…ఏడువు. ఈసారి ఆపమననులే.

…ఇన్నాళ్ళూ ఎందుకు దాచానా? చెబితే నువ్వేమవుతావో తెలుసు కాబట్టి. ఫొటో పెట్టకుండా ఉంటే ఇవాళ కూడా చెప్పేదాన్ని కాదు.

…లేదు.

…లేదే, చెప్పను. చేరిందో లేదో నా నోటితో చెప్పను. నా కాళ్ళు పట్టుకున్నా చెప్పను. ఆ కథ నీ నోట వినాలనుకుంది అది. మధ్యలో నేనెవరు?

…గ్రూపులోనూ చదవం. ఆదివారానికి వేరే పుస్తకం పెట్టేశాను. డాక్టరమ్మ ‘ఒక్క పేజీ’ అని నిన్నెప్పుడైనా అడిగిందా? లెక్కల మాస్టారు అడిగాడా?

…పుస్తకం ఎక్కడుంది?

…అక్కడే కూర్చో. మిషన్ దగ్గరే. మడిచిన మూల సాపు చెయ్యకు. అక్కణ్ణుంచి మొదలుపెట్టు. మనసులో కాదు, పైకి చదువు.

…ఎవరు వింటారని నన్నడుగుతావేం?

— బెల్లయింది. మూడో తరగతికి వెళ్ళాలి.

…ఆ, దాని క్లాసే. దాని బల్ల మీద ఇంకెవర్నీ కూర్చోబెట్టలేదు, అడిగావు కాబట్టి చెబుతున్నాను. ఉంటాను.

…వద్దు. రేపు మాట్లాడదామనకు. ఇవాళే చదువు.