అనుమతి లేని ఈగ

ఇళ్ల ప్లాన్లు గీసే ఆఫీసులో అందరి ఫైళ్లూ దాచే సర్వర్‌ని చూసుకునే అతన్ని అందరూ సిస్టమ్స్ బావ అనేవాళ్లు. సర్వర్ లినక్స్‌ది, బల్లల మీద ఉన్నవన్నీ విండోస్ కంప్యూటర్లు. ఆ రెండింటికీ మధ్య రాయబారం తనదేనని అతని గర్వం. పనిమంతుడే, కానీ గొంతులో టీ పడితే చాలు, మాటలు కోటలు దాటేవి.

ఒక మధ్యాహ్నం ఆఫీసు కింద టీ కొట్టు దగ్గర అకౌంటెంటూ, వాచ్‌మన్ తాతా దొరికారు.

"మొన్నటిదాకా మన సర్వర్ సంతే కదా! ఎవరి ఫైలు ఎవరైనా చెరిపేయొచ్చు. నిన్న కూర్చున్నా. గ్రూపులు కట్టా. గీసేవాళ్లకి రాసే హక్కు, మిగతావాళ్లకి చదివే హక్కు, బయటివాళ్లకి అసలు తలుపే లేదు. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"ఏమైంది?" అన్నాడు తాత.

"వైరస్ వచ్చింది! పాపం ఎంత దూరం నుంచి వచ్చిందో, 'అనుమతి లేదు' అన్నది చూసి గుమ్మంలోనే కూలబడి, ఒక్కసారి చూసి పోతానయ్యా అని నాకు మెయిల్ పెట్టింది."

"వైరస్సా?"

"మర్యాద తెలిసిన వైరస్, తాతా. జాలేసి, చదివే హక్కు మాత్రం ఇచ్చా. చదువుకుని బాగుపడింది. ఇప్పుడెక్కడో ఉద్యోగం చేస్తోందట."

అకౌంటెంటుకి పొలమారింది. ఇంతలో డ్రాయింగుల అక్క ఆ వైరస్ మాటలు వింటూనే గబగబా మెట్లు దిగి వచ్చింది.

"తమ్ముడూ, ఒకసారి పైకి..."

"ఒక్క నిమిషం అక్కా, అసలు సంగతి ఇప్పుడే మొదలైంది. ఆ హక్కులు ఎంత గట్టిగా బిగించానంటే, డిస్కులోంచి గదిలోకి కూడా పాకాయి. పొద్దున ఓ ఈగ సర్వర్ గదిలోకి పోబోయి గాల్లోనే ఆగిపోయింది. ముందుకీ పోదు, వెనక్కీ రాదు. ఏ గ్రూపమ్మా నీది అంటే బిక్కమొహం వేసింది. నేనే ఫ్యాను వేసి సాగనంపా. కరెంటు కూడా ఇప్పుడు నన్నడిగే లోపలికొస్తోంది!"

"అన్నీ నీ మాట వింటున్నాయి, సంతోషం," అంది అక్క. "మెట్ల డ్రాయింగులో కొలత తప్పుంటే దిద్దాను. సేవ్ కావట్లేదు. చదవడం వరకే నీ హక్కు అంటోంది. అవతల సైటులో కాంక్రీట్ లారీ వచ్చి నిలబడింది. ఇన్నేళ్లుగా గీస్తున్నదాన్ని, నన్నూ ఆ వైరస్ పక్కనే కూర్చోబెట్టావా?"

తాత బోసినోటితో పకపకా నవ్వాడు. బావకి చెవులు వేడెక్కాయి. గ్లాసు అక్కడే వదిలేసి రెండేసి మెట్లు ఎక్కాడు.

చూస్తే గీసేవాళ్ల గ్రూపులో అక్క పేరే లేదు. చేర్చడం మరిచిపోయాడు. గబగబా చేర్చి, ఆమెను కంప్యూటర్లో ఒకసారి లాగౌట్ అయి మళ్లీ లాగిన్ అవమన్నాడు. డ్రాయింగు సేవ్ అయింది. అక్క దాన్ని పంపి, సైటుకి ఫోన్ చేసింది. కాంక్రీట్ ఇంకా పోయలేదట.

బావ నుదుటి చెమట తుడుచుకున్నాడు. "ఈ సంగతి కింద ఎవరికీ చెప్పకక్కా."

"నేనెందుకు చెప్తాను?" అంది అక్క. "రేపు నువ్వే చెప్తావుగా, ఆ లారీని ఒంటిచేత్తో ఆపానని."