గుండుకు చుట్టుకొచ్చిన ఆకుపచ్చ తాడు

పేరు పై గడిలో రాశాను. రోజూ గాలి, లోతు, పడిన చేప రాసుకుంటాను కాబట్టి రేవులో నన్ను ‘పుస్తకం’ అంటారు. వయసు యాభై ఒకటి. సొంత పడవలో సరస్సు మీద చేపలు పడతాను. రేవు అధికారిగారు అడిగినదానికి ఇలా చెబుతున్నాను.

నిన్న మంగళవారం, ఆరో తేదీ. తూర్పు గాలి, పలచగా. అయిదింటికి గాలం గుండు వేలాడే ఉక్కు తీగను నూనెగుడ్డతో తుడిచాను. అయిదూ నలభైకి బయలుదేరాం. నాతో మా అక్క భర్త ఉన్నాడు. ఆయన ముప్ఫై ఏళ్ళు వలల పడవ నడిపినవాడు. పోయిన ఏడాది పొగమంచులో ఆ పడవ మునిగింది. ఈదుకుంటూ ఒడ్డెక్కాడు గానీ మునిగిన చోటు చూపలేకపోయాడు. పడవను ఎక్కడో అమ్ముకుని మునిగిందంటున్నాడని అధికారులకు అనుమానం వచ్చింది. ఆయన లైసెన్సు ఈ ఆఫీసులోనే ఆపేశారు.

మేం డౌన్‌రిగ్గర్‌తో పడతాం. అంటే పడవ వెనక అంచున ఒక చక్రం, దానికి ఉక్కు తీగ, తీగ చివర అయిదు కిలోల సీసం గుండు. గాలపు దారాన్ని గుండు దగ్గరి క్లిప్పుకు తగిలించి, చేపలున్న లోతుకు దించి, పడవను మనిషి నడక వేగంతో నడుపుతాం. చేప లాగగానే దారం క్లిప్పు నుంచి ఊడి వస్తుంది. చక్రం బ్రేకు ఎప్పుడూ కాస్త వదులుగా ఉండాలి. గుండు దేనికైనా తగిలితే తీగ జారాలి. తీగను చేత్తో పట్టకూడదు, వేళ్ళు పోతాయి. తీగ కోసే కట్టరు చేతికందేచోట ఉండాలి.

ఆరూ ఇరవైకి, చేపల జాడ చూపే యంత్రంలో, చేపలు పదహారు మీటర్ల దగ్గర కనబడ్డాయి. సరస్సు అడుగు పంతొమ్మిది. దారి నేనే ఎంచాను. బావ ఇటు అనలేదు, అటు అనలేదు. గుండు దించి, బ్రేకు వదులుగా పెట్టి, చుక్కాని దగ్గరికి వెళ్ళాను. ఆరూ ముప్ఫై అయిదుకు గుండు దేనికో తగులుకుని, పడవ వెనక భాగం ఒక్కసారిగా కుంగింది. నీళ్ళు లోపలికి వచ్చాయి.

“బావా, బ్రేకు ముట్టుకున్నావా?”

“వదులుగా ఉందిరా. కొంచెం బిగించా.”

“కొంచెం అంటే?”

“తిరిగినంత.”

అంటే పూర్తిగా. ఆయన చెయ్యి వలలకు అలవాటు పడింది. ఏది వదులుగా కనబడినా బిగిస్తాడు. ఇంట్లో కుళాయిలు కూడా అంతే, అక్క వల్ల తిరగవు.

“కొయ్‌రా, తీగ కొయ్! నా మొహం చూస్తూ కూర్చుంటే ఇద్దరం చేపలకు మేతవుతాం!” అని అరిచాడు. కొయ్ అని మొత్తం నాలుగుసార్లు అన్నాడు. చోటు తెలిసే ఇన్నాళ్ళూ దాచాడని ఎవరూ అనకుండా, ఇది తప్పక రాయమని కోరుతున్నాను. మునిగిన పడవ ఎక్కడుందో తెలిసి నన్ను తీసుకెళ్ళినవాడైతే తీగ కొయ్యమనడు.

నేను కొయ్యలేదు. ఇంజన్‌ను న్యూట్రల్‌లో పెట్టాను. వెనక భాగం పైకి లేచింది. తీగ పడవ కింది ఇంజన్ ఫ్యానులో పడకుండా చూసుకుంటూ, గుండు తగులుకున్న చోటికి నేరుగా పైకి వచ్చేదాకా మెల్లగా వెనక్కి నడిపాను. బ్రేకు వదిలి, మళ్ళీ చుట్టాను. గుండు ఊడి వచ్చింది. దానికి బారెడు ఆకుపచ్చ తాడు చుట్టుకుని ఉంది.

బావ తాడు చూశాడు. తాడు చివరి అల్లిక చూశాడు. ఎడమచేతి వాటం అల్లిక, ఈ రేవులో ఆయనొక్కడే వేస్తాడు. “ఇది నాదిరా” అన్నాడు. మళ్ళీ “నాదిరా” అన్నాడు. తర్వాత నవ్వు మొదలుపెట్టాడు. తడి బల్ల మీద వెల్లకిలా పడి నవ్వాడు. నాకూ ఆగలేదు. అప్పుడే పక్కన విడిగా వేసిన రెండో గాలానికి చేప పడింది. ఎవరం లేవలేదు. పుస్తకంలో ఇలా ఉంది: ఆరూ యాభై, చేప ఒకటి, పెద్దది, పోయింది.

తేలే డబ్బా కట్టి చోటు గుర్తుపెట్టి, రేవుకొచ్చి మీ ఆఫీసులో చెప్పాం. పది గంటలకు మీ గజ ఈతగాడు అక్కడ నీళ్ళలోకి దిగాడు. పడవ పక్కకు ఒరిగి ఉంది, నంబరు సరిపోయింది. కేబిన్‌లోంచి ఒక టీ కెటిల్ పైకి తెచ్చాడు. రేవులో అక్క దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, “ఏమండీ, మూతేదీ?” అంది. ఏడాదిలో అక్క ఆయన్ని ఆటపట్టించడం అదే మొదలు.

“బ్రేకు సంగతి రాయించకురా, పరువు పోతుంది” అని బావ ఈ పొద్దున నన్ను అడిగాడు. రాయిస్తున్నాను. జరిగింది అదే. ఆయన వెతకడానికి రాలేదు, చేపలకే వచ్చాడు.

ఇంతవరకు చెప్పేసరికి అధికారిగారు సొరుగు తీసి లైసెన్సు బల్ల మీద పెట్టారు. బయటి బెంచీ మీదున్న బావను పిలిచారు. ఆయన చేతులు చొక్కాకు రెండుసార్లు తుడుచుకున్నాడు. పొడి చేతులే. లైసెన్సు తీసుకుని, కళ్ళకు దగ్గరగా పెట్టుకుని, “సార్, దీనికి ఇంకా పదకొండు రోజులే గడువుంది. కొత్తది ఎక్కడ రాయిస్తారు?” అన్నాడు. పక్క గది అన్నారు. ఇప్పుడు అక్కడ వరుసలో నిలబడ్డాడు. ముందున్న మనిషికి తన పడవ దొరికిన కథ చెబుతున్నాడు, ఇక్కడికి వినబడుతోంది.

చూసింది చూసినట్టు, విన్నది విన్నట్టు చెప్పాను. రాసిందంతా నేనే చదువుకున్నాను. ఒక అంకె తప్పుంటే దిద్దించి, పక్కన పొడి అక్షరాలు వేశాను.

సంతకం
బుధవారం, ఏడో తేదీ, పగలు పదకొండూ పది