ఒక మూత ఆయిలు

హలో… ఆఁ, నేనే. నేనే బావా, బెన్‌హర్‌నే! ఓర్నాయనో, పొద్దుట్నుంచి పద్నాలుగుసార్లు కొట్టేను ఫోను. ఏ సెరువులో ములిగిపోయేవు?

…సైలెంట్లో ఎట్టేవా. సారు బండెక్కితే డ్రైవర్ ఫోను సైలెంట్లో ఎట్టాలా? బాగుంది మీ కంపెనీ రూలు. ఇక్కడ నాకు పేణం పోతంది.

…ముందు ఎక్కడున్నావో సెప్పు. …మాడుగుల్లోనా! అంత దూరం ఎల్లిపోయేవేటి? …హల్వాకా. బొంబాయి నుంచి వచ్చినోల్లకి హల్వా. ఊఁ. మరి సారేడీ, పక్కనున్నాడా? …షాపులోకెల్లేడా. మంచిది. కాసేపు ఉండనీ అక్కడ. రుసులు సూడనీ.

…ఏటి? …నిన్న నేను గేసు పట్టిన ఏసీ బాగుందా. …అరకులో ఉన్నట్టుందన్నాడా సారు. …ఇంటన్నాను గానీ బావా, ఓ మాట… …ఏటీ?

…తొమ్మిది కార్లా?

…కంపెనీ కార్లు తొమ్మిదీ నాకేనా, ఏసీ పనంతా? మీ సారు చంద్రమౌళి గారే అన్నాడా? ఆయన నోటితోటే?

…ఓలమ్మ.

…లేదు లేదు, సంతోసమే. సంతోసం కాపోతే మరేటి. రెండేల్ల నుంచి పరవాడలో మీ కంపెనీ గేటు ముందు నిలబడతన్నాను, ఒక్క బండియ్యండి బాబూ అని. నీకు తెల్దేటి, నువ్వే కదా తీసుకెల్లేవు. …గొంతు అలాగుందేటంటావా? ఏటీ లేదు. ఎండ. షెడ్డు రేకులు కాలిపోతన్నాయి. కూకుందామంటే కూకోబుద్ధవట్లేదు, నిలబడదామంటే నిలబడబుద్ధవట్లేదు… అక్సా, ఆ సెంబు అక్కడెట్టీ, తరవాత తాగుతాను… మా ఆవిడలే. ఆవిడా అదే అంటంది, కాలుగాలిన పిల్లిలాగ తిరుగుతావేటి అని.

బావా, ఒకటి సెప్తాను, సెయ్యి. స్టీరింగ్ ముందర సూడు, ఏదైనా లైటెలిగిందా? …ఎర్రదా. మూడుమూలల బొమ్మ, మద్దిలో గీత? …ఎప్పట్నుంచి? …చోడవరం దాటినకాణ్నుంచా! మరి సారుకి సెప్పొద్దేటి, బండి ఆపొద్దేటి! …అవున్లే. నీకేటి తెల్సు. నాకే తెల్దు.

…ఇప్పుడు బండి ఆన్‌లో ఉందా? …ఆపీసేవా. సరే. బ్రేకు మీద కాలేసి స్టార్ట్ నొక్కు. …నొక్కు బావా, కారణం తరవాత సెప్తాను. …రాలేదా? …మల్లీ నొక్కు. గట్టిగా.

…రాలేదు.

…ఆఁ, ఉన్నాను, ఉన్నాను. ఫోను కట్ అవలేదు.

…ఆ సప్పుడేటి? …బోనెట్టెత్తేవా! ఎందుకూ? …బేటరీ వైరు పీకి మల్లీ తగిలిత్తావా. బావా, సెయ్యి తియ్యి. …తియ్యమంటన్నానా! సెయ్యి తీసి ఎనక్కి జరుగు. రెండడుగులు. …జరిగేవా? నిజంగా జరిగేవా, నోటితోటి జరిగేవా?

ఇను. లోపల నారింజరంగు వైర్లున్నాయి సూడు, లావుగా, ఏలంత. వాటి దరికెల్లకు. మన ఇంట్లో కరెంటు కన్నా గట్టిది అందులోది. బండి ఆపినా కొంతసేపు లోపలే కూకుంటాది. నీకేటైనా అయితే మా సెల్లికి నేనేటి సమాధానం సెప్పుకోను? …మూసీ. బోనెట్టు మూసీ. …మూసేవా. హమ్మయ్య.

…మామూలు బండికీ దీనికీ తేడా అదే బావా. మామూలు కార్లో ఏసీ కంప్రెషర్ని ఇంజిను బెల్టు తిప్పుతాది. ఇది పెట్రోలూ కరెంటూ రెండిట్తోటీ నడిసేది, దీనికి బెల్టు లేదు. కంప్రెషర్ కడుపులోనే మోటరుంది, కరెంటు తోటి తిరుగుతాది. అందుకే కదా రైలుగేటు కాడ ఇంజిను ఆగిపోయినా సారుకి సల్లగాలి ఆగదు. నిన్న నువ్వే కదా, ఇంజినాగినా గాలొత్తందిరోయ్ అని సిన్నపిల్లాడిలాగ గెంతేవు.

…ఏటి? …ఊరుకో. హల్వా షాపు ముందర నిలబడి ఏడుపేటి? నలుగురూ సూత్తారు. …తెల్సు. ఉగాదికి బంపరు గీసేవు, మొన్న అద్దం ఇరగ్గొట్టేవు, మూడోసారైతే తాళాలిచ్చేసి ఇంటికెల్లిపొమ్మన్నాడు సారు. తెల్సు బావా. నువ్వు సెప్పిందే కదా.

…ఏటన్నావు? మల్లీ సెప్పు. …పొద్దున్న బండి కడిగేవా. …పైపెట్టి, బోనెట్టు లోపలంతా నీల్లు కొట్టేవా. తళతళలాడాలని.

…ఆఁ. ఇంటన్నాను.

…నీల్ల వల్లేనా అంటే… ఏమో బావా… నీల్ల వల్ల… అయ్యుండొచ్చు. కరెంటు సామాను కదా, నీల్లు తగిలితే… అవుతాది ఒక్కోసారి.

…ఏటి? …నీ తప్పేనని సారుకి ఒప్పేసుకుంటావా. …బెన్‌హర్ పేరు ఎత్తనే ఎత్తవా. …ఆ తొమ్మిది కార్లకీ అడ్డం రాకూడదనా. …కాల్లట్టుకుంటావా? సారు కాల్లా?

…బావా.

బావా, ఆగు. నేనిప్పుడే అబద్ధమాడేను. నీల్లు కాదు. వానలో తిరగదేటి ఆ బండి, నీల్లకి సచ్చిపోడానికి? నేనే. నేను సేసేను.

…సెప్తాను. అడ్డం రాకు, సెప్తాను. మా గురువు సింహాచలం మేస్త్రి నాకు పని నేర్పినప్పుడు ఓ మాట సెప్పేడు. గేసు పట్టిన ప్రతి బండికీ ఒక మూత ఆయిలు పొయ్యిరా, ఆ కంప్రెషరు నీ పేరు సెప్పుకుని తిరుగుతాది అని. పద్దెనిమిదేల్లుగా పోత్తన్నాను. అంబాసిడర్‌కి పోసేను, జీపుకి పోసేను, పెల్లిల్ల ఏసీ బస్సుకి పోసేను. ఒక్కదానికీ కీడు జరగలేదు. నిన్న నీ బండికీ పోసేను. నువ్వు టీ తాగడానికెల్లేవు సూడు, అప్పుడు. అడక్కండానే సెయ్యి సీసా మీదికెల్లిపోయింది. అలవాటు బావా.

…ఆ ఆయిలు దీనికి పనికిరాదు. కంప్రెషర్ కడుపులో మోటరుందన్నాను కదా. ఆ మోటరు రాగితీగంతా ఆయిల్లోనే తడుత్తాది. దీనికి వేరే ఆయిలుంటాదట, కరెంటుని దాటనివ్వనిది. మన మామూలు ఆయిలు కలిసిందంటే కరెంటు మెల్లిగా బాడీలోకి కారతాది. అది బండికి తెల్సిపోతాది. తెల్సి, ఓసారి ఆపితే ఇంక కదలనంటాది. అదే ఆ ఎర్రలైటు.

…నిన్న తెలీదు. ఒట్టు బావా, నిన్న తెలీదు. పొద్దున్న తెల్సింది. విశాఖలో ఏసీ సామాన్లమ్మే పరదేశిగాడున్నాడు కదా, ఆడికి ఫోను సేసేను. గొప్పకి పోయి సెప్పేను, జపాన్ బండికి గేసు పట్టేనురోయ్, అనకాపల్లిలో నేనే మొదలు అని. ఏ ఆయిలు పోసేవన్నాడు. సెప్పేను. ఆ ఆయిలు దీనికి పొయ్యకూడదురా అన్నాడు. ఆ బండి ఇంకా తిరుగుతందా అన్నాడు. అప్పట్నుంచి నీకు కొడతానే ఉన్నాను.

…స్టిక్కరుంది బావా. కంప్రెషర్ మీదే, అరసెయ్యంత. ఏ ఆయిలు పొయ్యాలో రాసుంది. గుడ్డెట్టి తుడిసి మరీ సూసేను. సదవలేదు. నా సేతికి ఓ కాయితం ముక్క సెప్పేదేటి అనుకున్నాను. సిగ్గుగా ఉంది బావా. నా మీద నాకే ఒల్లు మండిపోతంది. అది సాలక, ఇందాక నీల్లేనని నీ నెత్తికి రాసేద్దామనుకున్నాను. ఏడిసినోడి నెత్తికి.

…ఏటి? …వద్దు. నీల్లనే సెప్పేత్తానంటావేటి, పిచ్చెక్కిందా! …తుమ్మపాల్లో నీకు సెరుకుంటే ఏటి, అరెకరం. ఆ అరెకరం తోటి ఇద్దరు పిల్లల్ని సదివిత్తావా? …నాకు షెడ్డొక్కటే అయితే అవనీ. …ఊరంతా తిరిగి సెప్తాడా సారు? సెప్పుకోనీ. …ఎవడంటాడు బావా, నువ్వు నాకేటీ అవ్వవని? క్రిస్మస్‌కి మా ఇంట్లో మొదటి ఇస్తరి ఎవలికేత్తాం? నీకు కాదేటి? ఎదవ మాటలాడకు.

…గుసగుసలాడతావేటి, ఇనబడట్లేదు. …సారొచ్చేత్తన్నాడా. …ఫోను సారుకియ్యి. …ఇయ్యి. …ఇయ్యమంటన్నానా! అప్పలరాజూ!

…హలో? హలో? …ఇనబడతంది నాకు! సారుకి నీల్లని సెప్పేత్తన్నావు, ఇనబడతంది! ఒరే, నోర్ముయ్యి! సార్! సారుగారూ! నీల్లు కాదండీ! ఓ సార్!

…నమస్తే సార్. …బెన్‌హర్‌నండి, ఏసీ మెకానిక్‌ని. …అవునండి, నిన్న గేసు పట్టింది నేనేనండి. …అరిచేనండి, తప్పే. ఫోన్లో వేరే దారి లేకపోయింది. …నీళ్ళ వల్ల కాదండి. నేను తప్పు ఆయిలు పోసేను. మామూలు కార్లకి పోసేది. …లేదండి, అప్పలరాజు అప్పుడక్కడ లేడు, టీకెళ్ళేడు. …తెలీక అని ఎలాగంటానండి. రాసే ఉంది. చదవలేదు.

…కంప్రెషరు మార్చాలండి. మోటరూ అదీ కలిపి ఒకటే ముక్క. పైపులన్నీ కడగాలి. నా షెడ్డులో కాదండి, విశాఖలో తెలిసినోళ్ళ చేత. …ఖర్చు నాదేనండి. …ఎలాగోలాగ పడతానండి. …తాడు కట్టి లాగనివ్వకండి, లారీ మీదికెక్కించే తీసుకురావాలి. అందాకా బోనెట్టులో ఎవర్నీ చెయ్యి పెట్టనివ్వకండి.

…ఏటండి?

…బంపరు గీస్తే ఊరుకున్నాను, అబద్ధమాడితే ఊరుకోనంటారా. …సార్, తాళాలు తీసుకోకండి. ఒక్క నిమిషం. ఒక్క నిమిషం సార్, నా మాట పూర్తిగా వినండి, తరవాత మీ ఇష్టం.

నీళ్ళన్నది నేనండి. …ఆడు అడిగేడు, నీళ్ళ వల్లేనా అని. అయ్యుండొచ్చన్నాను. నా తప్పు ఆడి మీదికి పోతాదని తెలిసే అన్నాను. ఆడు డ్రైవరండి, ఆడికేం తెలుసు? మెకానిక్ నోటమ్మట వచ్చిన మాట పట్టుకున్నాడు. …ఎందుకన్నానంటే… తొమ్మిది కార్లండి. అప్పుడే చెప్పేడు, మీరు నాకే ఇస్తానన్నారని. ఆశ పుట్టింది. అంతే, వేరే ఏటీ లేదు.

…అవునండి.

…అవునండి, అలాంటోడినే. …ఆ తొమ్మిదీ ఇంకెవరికైనా ఇచ్చుకోండి. …గేటు దరిదాపులకి రానండి. …సరేనండి. మరి అప్పలరాజు సంగతి సార్? ఆ తాళాలు… …సార్? …హలో?

…ఎవలు? బావా, నువ్వా? …ఏటయ్యింది, తాళాలేవి? …నీ జేబులోనే ఉన్నాయా! …బండిని లారీ ఎక్కించుకుని తీసుకురమ్మని నీకే సెప్పేడా. …ఆయన ఆటో ఎక్కేసి ఎల్లిపోయేడా, హల్వా పొట్లాలతో. …యేసయ్యా. హమ్మయ్య.

…తిట్టు. తిట్టుకో, ఇంటాను. …నువ్వు అన్నీ తెల్సే నీల్లని సెప్పేవని నాకు తెల్దేటి? ఆ ముక్క సారుకెందుకు. …అబద్ధమేటి అందులో? అయ్యుండొచ్చు అన్నానా లేదా నేను? …అన్నాను. అనాపోతే బాగుండును. అన్నాను.

…పోతే పోయినాయి తొమ్మిదీ. నిన్నటిదాకా లేవు కదా. …ఏడవకు మల్లీ. నీ ఉజ్జోగం నీ జేబులో ఉంది కదా, ఇంకెందుకు? …నేనా? నాకేటి, నేను బాగానే ఉన్నాను. పొద్దుట్నుంచి గుక్కెడు నీల్లు దిగలేదు, ఇప్పుడు ఆకలేత్తంది. సద్ది విప్పుతాను. …లారీ దొరికేకా నాకు సెప్పు. ఎండలో నిలబడకు.

…సరే. …నువ్వే పెట్టీ బావా. నా సేతులు రెండూ సద్ది మూట ముడి మీదున్నాయి.