పాలపన్నే కదా అన్నారు

తెనాలిలో పిల్లల బడి ఆఫీసుగదిలోకి వచ్చిన నాలుగేళ్ల లిడియా వాళ్లమ్మ, కుర్చీ చూపించినా కూర్చోకుండా హెడ్ మేడంని నిలదీసింది.

“మా పాప జారుడుబల్ల మీంచి పడిందని మాకెందుకు చెప్పలేదండి?”

“చిన్న దెబ్బేనమ్మా. పాలపన్నే కదా, ఎలాగూ ఊడిపోయేదే.”

“ఆ పన్ను నల్లబడి చిగుట్లో చీము పట్టింది. ఇవాళ పీకేశారు. తర్వాత వచ్చే పన్నుకీ మచ్చ ఉండొచ్చన్నారు డాక్టరు గారు.”

“మీరు కంగారుపడతారని చెప్పలేదమ్మా. ఇంట్లో చెప్పొద్దని పాపకీ నచ్చజెప్పాం.”

“పసిపిల్ల చేత దాచిపెట్టించారా? నెల రోజులుగా అది అన్నం నమలనంటుంటే మారాం అనుకున్నానండి. మొన్న చెయ్యి కూడా చేసుకున్నాను. దెబ్బ తిని కూడా మీ పేరు చెప్పలేదండి నా బిడ్డ.”