పగలని రంగు గోళీ

అయ్యో, నేను మాత్రం ఊరుకున్నానా మాష్టారూ? గొంతు పోయేలా అరిచాను! పదకొండేళ్లుగా మన షిమ్‌కెంత్ పెయింట్‌బాల్ మైదానంలో, ఈ రంగు గోళీల తుపాకీ ఆటకి, విజిల్ పట్టుకున్న మనిషిని, తుర్సినాలి మాష్టారిని, కళ్ళు ఆనడం లేదని తీసేస్తారా? సిగ్గుండక్కర్లా?

అరిచానంటే... సరే, మనసులో అరిచాను. అలా చూడకండి.

ఆ రోజు ఎండ గుర్తుందిగా? నలభై రెండు! మా చెల్లెలు రౌషన్ చెక్కల చాటు నుంచి లేచి, తరాజ్ జట్టు నాయకుణ్ణి రొమ్ము మీద సూటిగా కొట్టింది. తగిలిందా? తగిలింది. పగిలిందా? లేదు. రబ్బరు బంతిలా గంతేసి గడ్డిలో పడింది. రంగు అంటకపోతే దెబ్బ చెల్లదన్నారు మీరు. ఆ మాట అనేలోపే వాడు తిరిగి కొట్టాడు. వాళ్ళు తరాజ్ నుంచి తెచ్చుకున్న గోళీ చక్కగా పగిలింది. మా పిల్ల ఔటు. ఆల్మాతీలో జరిగే పెద్ద పోటీలకి ఇంకేం వెళ్తాం!

తగిలిన దెబ్బ మీకు కనబడలేదని గోల చేశారు అందరూ. మీ తప్పేముంది చెప్పండి?

మైదానంలో గోళీల పెత్తనం ఎవరిది? ఈ సెయిల్బెక్‌ది. కనబడ్డవాడికల్లా పాఠం చెప్పేవాణ్ణి కదా! "చలికాలం గోళీ వేరు, వేసవి గోళీ వేరురా నాయనా. మంచులో వేసవి గోళీ వాడితే తుపాకీ గొట్టంలోనే పెటిల్లుమంటుంది. ఎండలో చలికాలం గోళీ పెడితే జావగారిపోతుంది. చల్లగా, పొడిగా ఉన్నచోట మూత బిగించి పెట్టాలి. వారానికోసారి పెట్టె తిరగెయ్యాలి, లేకపోతే అడుగువన్నీ చదునుగా అయిపోతాయి." అబ్బో, ఏం పండితుణ్ణి!

పెట్టెల మీద రాసింది చదివి తెచ్చింది వేసవి రకమే మాష్టారూ, అందులో పొరపాటు లేదు. పెట్టిన చోటే... నేలమాళిగలో పెట్టాలి. పెట్టలేదు.

ఖర్బూజాలున్నాయి అక్కడ.

నవ్వండి, ఫర్లేదు. మా బావమరిది తోటనుంచి బండెడు దించాడు. పాడైపోతాయని వాటిని చల్లటి మాళిగలో పేర్చి, గోళీల పెట్టెల్ని రేకుల షెడ్డులోకి తోశాను. ఎన్నాళ్ళు? పన్నెండు రోజులు. జూలైలో! ఖర్బూజాలు రాజభోగంలో, గోళీలు పొయ్యిలో.

తెలియలేదా అంటారా? ఆ మాటే అడుగుతారని భయపడ్డాను.

తెలుసు. ఆట రోజు పొద్దున ఒకటి తీసి నొక్కి చూశాను, మగ్గిన ద్రాక్షపండులా మెత్తగా లోపలికి పోయింది. తల ఎత్తు నుంచి సిమెంటు మీద వదిలాను. పగలాలి కదా? మోకాలిదాకా ఎగిరింది! అప్పుడే "ఆట ఆపండి, గోళీలు పాడుచేశాను" అంటే అయిపోయేది. అంతమందిలో ఎలా అంటాను? పండితుణ్ణి కదా! పెట్టె మూసి, తీసుకెళ్ళి మా చెల్లెలి చేతిలోనే పెట్టాను.

ఇంకోటుంది. మిమ్మల్ని తీసెయ్యమని ఆట సంఘానికి రాసిన కాగితం చూపించారా మీకు? పైన మొదటి సంతకం ఎవరిదో తెలీలేదా? నా రాత కోడి కెలికినట్టుంటుంది, ఎవరికి తెలుస్తుందిలెండి. నాదే.

ఇవాళ పొద్దున రౌషన్‌కి చెప్పేశాను. తిడుతుందనుకున్నాను. బూట్ల తాళ్ళు కట్టుకుంటూ, తలెత్తకుండా ఒక్కటే అడిగింది: "ఖర్బూజాలైనా తియ్యగా ఉన్నాయా అన్నయ్యా?"

తిట్టినా బావుండేది.

రేపు సంఘం వాళ్ళ ముందు నిలబడి అంతా చెప్తాను. మీ విజిల్ మీకిస్తారు. నన్ను తీసేస్తారు, తియ్యనీండి. మీరు ఒక్క మాట అనండి మాష్టారూ. ఏదో ఒకటి...

ఓహో. చాయ్ పోస్తున్నారా?

గిన్నె అంచుదాకా పోశారే! కూర్చోమనే మనిషికి సగమే పోస్తాం కదా మనం. నిండుగా పోస్తే, తాగి ఇక లేవమని.

అర్థమైంది. లేస్తాను. కాలిపోతోంది, కాస్త చల్లారనివ్వండి.