నడిసముద్రంలో పెళ్ళి

ఇంగ్లండులోని మిల్టన్ కీన్స్‌లో కొడుకు మహేశ్ ఇల్లు. కంటి ఆపరేషన్‌కు బయలుదేరవలసిన సదాశివంగారు కోటు తొడుక్కుని కూడా టీవీ ముందునుంచి కదలలేదు. పక్కన భార్య బేబీ.

"లేవనంటే లేవను. కథానాయకుడు నడిసముద్రంలో ఆపదలో ఉండగా కథ ఆపి లేవకూడదు. శుభఘట్టం దాకా నడిపించి అప్పుడే లేవాలి."

"ఆ నియమం పురాణానికండీ. ఇది స్పానిష్ సినిమా."

"ఇన్నేళ్ళు పురాణం చెప్పినవాణ్ణి. కథకు భాష అడ్డమా?"

"ఈ స్లాట్ పోతే మళ్ళీ ఎన్ని నెలలకిస్తారో. మొన్న గుడిలో పుస్తకం తలకిందులుగా పట్టుకుని పద్యాలు చదివారు. కంఠతా వచ్చు కాబట్టి పరువు దక్కింది."

"తలకిందులుగానా? ఎవరన్నారు?"

"ఎదురుగా కూర్చున్న గోపాల్‌రావుగారు. ఆయనకు మాత్రం చక్కగా కనిపించిందట."

"సరే, సరే. నాకు తెర అంతా మసక. ఓడలో ఏం జరుగుతోందో చెప్పు."

"యుద్ధకాలం. ప్రయాణికుల ఓడ. అందులో శత్రువుల గూఢచారి ఒకడున్నాడు."

"ఎవడు?"

"వంటవాడు."

"కింద ఇంగ్లీషులో వేశారా?"

"ఆ అక్షరాలు నేను కూడబలుక్కునేలోపే పారిపోతున్నాయి. వాడు వంకాయ కోసే తీరు చూస్తే తెలియడం లేదూ? వాడికి వంట రాదు."

"మరి ఆ స్త్రీ ఏడుస్తోందెందుకు?"

"ఏడవడం కాదు. ఉల్లిపాయలు తరుగుతోంది."

"సముద్రపు హోరు వినిపిస్తోంది బేబీ. డెక్కు మీద నిలబడి ఉల్లిపాయలా?"

"గాలి తగిలితే కళ్ళు మండవని."

"అమ్మా, ఇంకా కూర్చునే ఉన్నారా? నాన్నగారూ, ఆలస్యమైతే వాళ్ళు లోపలికి పిలవరు."

"వస్తున్నాంరా మహేశ్. ఓడ ఒడ్డుకొచ్చేసింది."

"అప్పుడే ఒడ్డా? ఇప్పుడే కదా కెప్టెన్ ఎవరినో కేకలేశాడు."

"తొందరగా నడపమని. ఆయన కోసమూ ఇంట్లో ఎదురుచూస్తారుగా."

"ఆ మోత ఏమిటి? ఫిరంగిలా లేదూ?"

"బాణసంచా. పెళ్ళి జరుగుతోంది."

"ఎవరిది?"

"కెప్టెన్‌కీ, ఉల్లిపాయల పిల్లకీ."

"మరి గూఢచారి?"

"వాడిదే పెళ్ళివంట."

"శత్రువు చేతి వంటా? విషం కలిపితే?"

"పశ్చాత్తాపపడ్డాడండీ. పులిహోర కలిపాడు."

"స్పెయిన్‌వాళ్ళ ఓడలో పులిహోర."

"నిమ్మకాయ పిండిన అన్నం, ఏదో ఒకటి. మీరు దాని రుచి చూడబోతారా?"

"ఔచిత్యం లేదు. పాత్రకు మనసు మారాలంటే తగిన కారణం ఉండాలి."

"ఉంది. వాళ్ళమ్మ గుర్తొచ్చింది."

"ఊఁ. అది చెల్లుతుంది. మరి ఈ నీళ్ళ చప్పుడు? ఎవరో మునుగుతున్నట్టు కేకలు?"

"మంగళస్నానాలు."

"పెళ్ళయ్యాకనా?"

"వాళ్ళ ఆచారం వాళ్ళది. మనం తప్పు పట్టకూడదు."

"సంగీతం మరీ ఇంత విషాదంగా ఉందేం?"

"అప్పగింతలు కదండీ. మన అమ్మాయి ప్రవల్లికను అత్తారింటికి పంపినప్పుడు మీరు ఇంతకంటే పెద్దగా ఏడ్చారు."

"నా సంగతి వదిలెయ్. అందరూ క్షేమమేనా?"

"అందరూ."

"ఆ ముసలి నావికుడు? దగ్గుతూ ఉంటాడే, అతను కూడానా?"

"అదుగో, వధూవరుల మీద అక్షింతలు వేస్తున్నాడు. దగ్గు కూడా తగ్గిపోయింది. శుభం. దణ్ణం పెట్టుకుని లేవండి."

"బేబీ."

"మళ్ళీ ఏమిటి? కంట్లో నొప్పి తెలియకుండా మందు వేస్తారని డాక్టరే చెప్పాడు. నేను బయటే కూర్చుంటాను, ఎక్కడికీ వెళ్ళను."

"అది కాదు. నిన్న నువ్వు గుడికి వెళ్ళినప్పుడు మన మనవరాలు శ్రీవల్లి నా పక్కన కూర్చుని ఈ సినిమా అంతటికీ అర్థం చెప్పింది. బడిలో స్పానిష్ నేర్చుకుంటోంది కదా. ఓడ మునిగిపోయింది. ఆ ముసలివాడితో సహా ఒక్కడూ మిగలలేదు. ఆ ఘట్టం మనసులో పెట్టుకుని ఆసుపత్రి గడప తొక్కడం నా వల్ల కాలేదు. నీ నోట ఎలా తేలుతుందో విందామని, పొద్దున దాని చేతే మళ్ళీ పెట్టించాను. ఇక లేవవచ్చు. ఏదీ, నీ చెయ్యి ఇలా ఇయ్యి."