మడినీళ్ళు

జగ్గయ్యపేటలో వీధి కొళాయిలు వచ్చిన ఏడాది. పొద్దున పూట, వంటింటి గడప దగ్గర భార్యాభర్తలు.

“ఈ బిందె కాస్త దించి వెళ్ళండి. వంగలేకపోతున్నా.”

“ఇంత పెద్దదాంతో ఎవరు తెమ్మన్నారు, ప్రమీలా? చిన్నదాంతో తేవచ్చుగా.”

“చిన్నదైతే నూతికి ఇంకా ఎక్కువసార్లు తిరగాలి. చేద లాగడం తప్పుతుందా?”

“సుబ్బమ్మ చేత తెప్పించు.”

“పనిమనిషి తెస్తే మడికి పనికొస్తాయా? మీకు తెలీదూ?”

“తెలుసనుకో…”

“వీధి మొగలో కొళాయి ఉంది. తిప్పితే నీళ్ళు. దాన్ని వేయించింది మీరు, పంచాయతీలో పోట్లాడి మరీ.”

“దాన్లో తోలుబిళ్ళ ఉందిగా. తోలు తగిలిన నీళ్ళు అమ్మ తాగుతుందా?”

“ఆవిణ్ణి అడిగారా?”

“అడక్కుండానే ఉంటానా?”

“ఏమన్నారు?”

“ఏమంటుంది. అమ్మ సంగతి నీకు తెలిసిందేగా.”

“నాతో అయితే ఏమీ అనలేదు. కొళాయి మాటెత్తితే లేచి పెరట్లోకి వెళ్ళిపోతారు.”

“చూశావా మరి.”

“బెజవాడ డాక్టరమ్మ బరువు ముట్టుకోవద్దంది. మీరూ విన్నారు. పోయినసారి కడుపు అయిదో నెల్లోనే పోయింది. ఇప్పుడూ అయిదో నెలే.”

“విన్నాను, విన్నాను.”

“రాత్రి నుంచీ నడుం లాగుతోంది.”

“కాసేపు పడుకోరాదూ.”

“పడుకుంటే మడినీళ్ళు ఎవరు తెస్తారు? మీరు తెస్తారా?”

“బాగుంది. పంచాయతీ మెంబరు బిందె ఎత్తుకుని వెళ్తే పాతబజారంతా నవ్వదూ?”

“నవ్వితే నవ్వనివ్వండి.”

“ఎలక్షన్లు దగ్గరికొచ్చాయే. అవి కానియ్యి. తరవాత అమ్మకి నిదానంగా నచ్చచెపుతా.”

“ఎలక్షన్లకీ అత్తయ్యకీ ఏమిటి సంబంధం?”

“ఏం లేదు. మాటవరసకన్నా. ఆ కండువా ఇలా అందుకో. కొత్తపేటలో ఇంకో కొళాయి మొదలుపెడుతున్నాం. నాలుగు మాటలు మాట్లాడాలి.”

“ఏం మాట్లాడతారు?”

“మామూలే. ఆడవాళ్ళ కష్టం తీరిందని. వస్తా, తలుపేసుకో.”

*

“వెళ్ళాడా వాడు?”

“వెళ్ళారత్తయ్యా. ఇంకొక్క బిందె తెస్తే మీ వంటకి సరిపోతుంది.”

“అది కింద పెట్టు.”

“మడికి మరి…”

“పెట్టమన్నానా. ఇలా వచ్చి కూర్చో. నడుం బాగా లాగుతోందా?”

“విన్నారా?”

“మధ్యలో ఉన్నది తడికేగా.”

“అయితే ఆయనకి మీరే ఒక్క మాట చెప్పండి. కొళాయి నీళ్ళు తాగుతానని. మీరు చెప్తే కాదనరు.”

“చెప్పానే. నీకు నెల తప్పిందని తెలిసిన రోజే చెప్పా. కడుపులో బిడ్డ కంటే నా మడి ఎక్కువా అన్నా.”

“మరి… ఆయన మీరే ఒప్పుకోవడం లేదన్నారు.”

“అంటాడు. పాతబజారు పెద్దవాళ్ళకి వాడి కొళాయిలంటే కంపరం. అయినా వెంకటరత్నం తల్లి ఇంకా నూతినీళ్ళే తాగుతోంది, ఇల్లు మైలపడలేదు అని వాడికి ఓటేస్తారట.”

“ఓట్లకా?”

“నీకు చెప్పొద్దన్నాడు. నీ మొహం చూడలేకే నేను పెరట్లోకి పోయేది.”

“ఆయన ఏమన్నా సరే, మీరు తాగండత్తయ్యా. నేను వెళ్ళి ఇప్పుడే పట్టుకొస్తా. ఏం చేస్తారు?”

“ఎలక్షన్లయ్యేలోపు ఆ నీళ్ళు ముట్టానంటే, నన్ను తీసుకెళ్ళి నందిగామలో అల్లుడింట్లో దించేసి వస్తానన్నాడే.”